లోజాన్ ఒలింపిక్ మ్యూజియం: రిటైరైన ఆటల టీచరు కళ్ళతో

పిల్లలతో స్విట్జర్లాండు వెళ్ళేవాళ్ళు ఉన్న రోజులన్నీ మంచుకొండలకీ కేబుల్ కార్లకీ పంచేసుకుంటారు. అందులో ఒక రోజు తీసి లోజాన్‌లోని ఒలింపిక్ మ్యూజియానికి ఇవ్వండి. పిల్లలు పదేళ్ళకీ పదహారేళ్ళకీ మధ్య ఉంటే ఇంక రెండో ఆలోచన అక్కర్లేదు.

నేను ఆడపిల్లల హైస్కూల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. జెనీవాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మనవరాలినీ మనవణ్ణీ వెంటబెట్టుకుని ఈ మ్యూజియం చూశాను. పిల్లకి పన్నెండు, పిల్లాడికి తొమ్మిది. ఇలాంటి చోటుకి వెళ్తే నా చూపు ఎటు పోతుందో ముందే చెప్పాలి. లెక్కల సిలబస్ మిగిలిపోతే ముందుగా లాగేసుకునేది డ్రిల్లు పీరియడే అయిన బడుల్లో నా ఉద్యోగం గడిచింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడితే గ్రౌండుకి ఎవరూ రారు. నాట్యం నేర్చుకునే పిల్ల కబడ్డీకి వస్తానంటే కాళ్ళు పాడవుతాయని ఇంట్లో ఆపేసేవాళ్ళు. బాగా పరిగెత్తే పిల్లని "దీనికి చదువు రాదులే" అని పక్కన పెట్టేవాళ్ళు. ఆట, చదువు, కళ మూడూ ఒకే పిల్లలో పెరుగుతాయని చెప్పడానికి నా దగ్గర మాటలుండేవి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించే చోటు ఉండేది కాదు. ఈ మ్యూజియం అలాంటి చోటు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దారి సులువు. జెనీవా నుంచి లోజాన్‌కి రైల్లో ముప్పావు గంట లోపే. స్టేషన్ దగ్గర ఎం2 మెట్రో ఎక్కితే అది కొండ మీద నుంచి సరస్సు దాకా దిగుతుంది. ఆఖరి స్టేషన్ పేరే ఊషీ-ఒలింపిక్. దిగి సరస్సు గట్టునే ఎడమవైపు నడవాలి. లోజాన్ హోటల్లో రాత్రి బస చేసేవాళ్ళకి ఇచ్చే కార్డుతో ఈ మెట్రోకి టికెట్ అక్కర్లేదు.

ముందు తోట గురించి చెబుతాను. అందరూ అక్కడ నాలుగు ఫొటోలు తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోతుంటారు. నన్నడిగితే సగం మ్యూజియం తోటలోనే ఉంది. వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన తోట అది. చెట్ల మధ్య శిల్పాలు, వెనక్కి తిరిగితే సరస్సు, దానికి అవతల ఆల్ప్స్. పైకి ఎక్కుతూ ఉంటే హైజంప్ కర్ర కనబడుతుంది. దాని ఎత్తు 2.45 మీటర్లు. క్యూబాకి చెందిన హవియెర్ సోటోమయోర్ 1993 జులైలో దూకిన ఎత్తు, ఈనాటికీ మగవాళ్ళ ప్రపంచ రికార్డు అదే. మ్యూజియం తెరిచింది కూడా ఆ ఏడాదే, జూన్ 23న.

ఈ అంకె నేను బడిలో ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్ళు, పరీక్షలో ఒక మార్కుకి పనికొచ్చేది, అంతే. ఇక్కడ మా మనవడు ఆ కర్ర కింద నిలబడి చేతులు పైకెత్తాడు. అందలేదు. ఎగిరాడు. అందలేదు. వెనక్కి వెళ్ళి పరిగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ ఎగిరాడు. "అమ్మమ్మా, ఆయన చేత్తో ముట్టుకోవడం కాదు కదా, మొత్తం మనిషి దీని పైనుంచి వెళ్ళాడా?" అన్నాడు. వెళ్ళాడు నాన్నా, అన్నాను. ఎలా వెళ్ళాడో చెప్పమని మనవరాలు కూడా దగ్గరికొచ్చింది.

అప్పుడు వాళ్ళిద్దరికీ డిక్ ఫాస్బరీ సంగతి చెప్పాను. 1968 మెక్సికో ఒలింపిక్స్ దాకా పెద్ద పెద్ద ఆటగాళ్ళందరూ కర్ర మీద బోర్లా పొర్లుతూనో, కాలు ముందుకు వేసి దాటుతూనో దూకేవాళ్ళు. అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతున్న ఫాస్బరీ వీపు కర్రవైపు పెట్టి, తల ముందు దాటించి, వెల్లకిలా దూకి 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. నడుము విల్లులా వంచితే శరీరంలో ఒక్కో భాగం వంతులవారీగా కర్ర దాటుతుంది. అలా దూకినప్పుడు ఒంటి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కవేసే బిందువు, కర్ర కిందుగా పోయినా మనిషి మాత్రం పైనుంచి దాటగలడు. మా పిల్ల వెంటనే నడుం వెనక్కి వంచి చూసుకుంది. గరిమనాభి పాఠం ఆ పిల్లకి ఇంకా రెండేళ్ళ తర్వాత వస్తుంది. వచ్చినప్పుడు దానికి ఈ కర్ర గుర్తొస్తుంది. ముందు ఒంటికి తెలిసి తర్వాత బుర్రకి ఎక్కిన పాఠం మరిచిపోవడం కష్టం. ఇన్నేళ్ళ పనిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఇదొక్కటే, దాన్ని ఈ మ్యూజియం గుమ్మం బయటే చేసి చూపిస్తోంది.

తోటలో పావో నుర్మీ కాంస్య విగ్రహం ఉంది. ఫిన్లాండు శిల్పి వైనో ఆల్టొనెన్ చేసిన బొమ్మకి ఇది ఒక పోత. ఫిన్లాండు బయట దీన్ని చూడగలిగే చోటు ఇదే కావచ్చు కాబట్టి వదులుకోకండి. నుర్మీ 1920, 1924, 1928 ఒలింపిక్స్‌లలో 9 స్వర్ణాలు, 3 రజతాలు గెలిచినవాడు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తేవాడు. పక్కవాడిని చూసి కాకుండా తన లెక్క తాను చూసుకుంటూ పరిగెత్తడం దూరం పరుగుల్లో ఆయన నేర్పిన విద్య. బొమ్మ దగ్గరికి వెళ్ళి పాదాలు చూడమని పిల్లలకి చెప్పండి. నేలని ఎంత తక్కువ తాకుతున్నాడో శిల్పి ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో తెలుస్తుంది. పరుగు గురించి నేను విజిల్ ఊది చెప్పగలిగిన దానికన్నా ఆ మడమ ఎక్కువ చెబుతుంది.

గొట్టం ముడివేసిన తుపాకీ బొమ్మ కూడా ఇక్కడ ఉంది. స్వీడన్ శిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ రాయ్టర్‌స్వార్డ్ చేసినది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ముందు ఉన్న బొమ్మ ఫొటోల్లో చూసే ఉంటారు, దాని ఇంకో ప్రతి ఇది. ఆటల తోటలో తుపాకీ ఎందుకని మనవరాలు అడిగింది. పూర్వం గ్రీకు రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నా, ఒలింపియాకి వెళ్ళే ఆటగాళ్ళకీ చూసేవాళ్ళకీ దారిలో ఎవరూ హాని చెయ్యకూడదని సంధి ప్రకటించేవాళ్ళని చెప్పాను. చరిత్ర పాఠంలో సంవత్సరాల కింద పడి నలిగిపోయే ముక్క అది. ఆ ముడి ముందు నిలబడి వింటే పిల్లలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. తోటకి కనీసం గంట పెట్టుకోండి.

లోపల శాశ్వత ప్రదర్శన మూడు భాగాలు. మొదటిది ఒలింపిక్ ప్రపంచం, రెండోది క్రీడలు, మూడోది ఒలింపిక్ స్ఫూర్తి. 2013 డిసెంబరులో మొత్తం మార్చి తిరిగి తెరిచారు. తెరలు, వీడియోలు చాలా ఉంటాయి. అన్నీ చదవాలని కూర్చుంటే రోజు చాలదు.

మొదటి భాగం ప్రాచీన ఒలింపియాతో మొదలై, ఈ కాలపు ఒలింపిక్స్‌కి ఆద్యుడైన ఫ్రాన్సు దేశస్థుడు పియరీ ద కూబెర్తాన్ దగ్గరికి వస్తుంది. పెద్దవాళ్ళు ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడ. కూబెర్తాన్ అనగానే ఐదు వలయాలు గీసినవాడని మాత్రమే మనకి తెలుసు. ఆయన అసలు పట్టుదల చదువు మీద. ఇంగ్లండు వెళ్ళి రగ్బీ అనే ఊరి స్కూల్లాంటి బడుల్లో ఆటలు పిల్లల నడవడికని ఎలా దిద్దుతున్నాయో చూసి, ఫ్రాన్సు బడుల్లోకీ ఆటలు తేవాలని తిరిగాడు. ఆ తిరుగుడులోంచే 1894 జూన్ 23న పారిస్‌లోని సార్బాన్ విశ్వవిద్యాలయంలో ఒలింపిక్స్ మళ్ళీ జరపాలని తీర్మానించిన సభ, అక్కణ్ణుంచి 1896 ఏథెన్స్ క్రీడలు. అంటే ఒలింపిక్స్ బడి సంస్కరణ ఆలోచనలోంచి పుట్టాయి. క్రీడని సంస్కృతితో, విద్యతో కలపడమే దీని ఉద్దేశమని ఒలింపిక్ నియమావళిలో ఈనాటికీ రాసి ఉంది. డ్రిల్లు పీరియడు తీసేసే ప్రతి హెడ్మాస్టరుకీ ఈ సంగతి తెలియాలి.

అక్కడితో ఆయన ఆగలేదు. 1912 నుంచి 1948 దాకా ఒలింపిక్స్‌లో కళలకీ పోటీలుండేవి, వాటికీ పతకాలిచ్చేవాళ్ళు. వాస్తుకళ, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం. ముఖ్యమైన షరతు, రచన ఏదైనా క్రీడ ప్రేరణతో పుట్టి ఉండాలి. 1912లో సాహిత్యంలో స్వర్ణం ఒక కవితకి వచ్చింది. కవితకి కింద ఇద్దరి పేర్లున్నాయి, ఆ రెండూ కూబెర్తాన్ పెట్టుకున్న మారుపేర్లే. హంగరీకి చెందిన అల్ఫ్రెడ్ హయోష్ 1896లో ఈతలో రెండు స్వర్ణాలు గెలిచి, చదువుకుని ఆర్కిటెక్టు అయి, 1924లో స్టేడియం నమూనాకి వాస్తుకళలో రజతం తెచ్చుకున్నాడు. స్వతంత్ర ఐర్లండుకి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం ఒక చిత్రానిది, 1924లో జాక్ బట్లర్ యీట్స్ వేసిన ఈతపోటీ బొమ్మ.

ఇవి చెబుతుంటే మా మనవరాలి మొహం చూడాలి. దానికి బొమ్మలంటే ప్రాణం, ఈత కూడా నేర్చుకుంటోంది. రెండిట్లో ఏదో ఒకటి పట్టుకోమని ఇంటికొచ్చిన వాళ్ళందరూ దానికి చెబుతుంటారు. హయోష్ రెండూ చేశాడని విని ఆ పేరు రాసిమ్మంది. నాకు మాత్రం ఆ కళల పోటీలు ఆపేయడం ఇప్పటికీ బాధే. కళాకారులు అప్పటికే వృత్తిగా చేసేవాళ్ళు, ఒలింపిక్స్‌కి ఔత్సాహికులే కావాలన్న నియమం వాటికి అడ్డొచ్చింది. ఆ నియమం ఆటల్లోనూ తర్వాత పోయింది, కళల పోటీలు మాత్రం తిరిగి రాలేదు.

ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళు కూబెర్తాన్ దగ్గర ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. ఆడవాళ్ళు ఒలింపిక్స్‌లో పోటీపడటం ఆయనకి ఇష్టం లేదు. అంత దూరం చూసిన మనిషి ఇది చూడలేదు. 1896లో ఒక్క మహిళకీ చోటు లేదు. 1900 పారిస్‌లో 22 మంది వచ్చారు. 1928లో మహిళలకి 800 మీటర్ల పరుగు పెట్టి, ఆడవాళ్ళు తట్టుకోలేరని తీసేసి, 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఇదంతా పిల్లకి చెప్పాక కాగడాల దగ్గరికి తీసుకెళ్ళాను.

కాగడాలన్నీ వరసగా పెట్టిన చోటు నాకు లోపల అన్నిటికన్నా నచ్చింది. 1936 నుంచి ప్రతి ఒలింపిక్స్‌కీ ఒక కాగడా, ప్రతిదీ ఆ దేశం తన గురించి చెప్పుకున్న మాట. సిడ్నీది ఆ ఊరి ఒపెరా హౌస్ వంపుని గుర్తు చేస్తుంది. ఆ కాగడాని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర నీళ్ళ అడుగున కూడా ఆరకుండా తీసుకెళ్ళారు. టోక్యో 2020ది చెర్రీ పువ్వు ఆకారం. 2011 భూకంపం తర్వాత నిరాశ్రయులకి కట్టిన తాత్కాలిక ఇళ్ళ అల్యూమినియం అందులో కరిగించి కలిపారు. లోహం గురించి అడిగితే సైన్సు, ఆకారం గురించి అడిగితే కళ, ఎవరి చేతిలో వెలిగిందని అడిగితే చరిత్ర. మెక్సికో కాగడా దగ్గర ఆగి, 1968లో స్టేడియంలో జ్యోతి వెలిగించిన మొదటి మహిళ ఎన్రికెటా బసీలియో అని మనవరాలికి చెప్పాను. ఆమె హర్డిల్స్ పరుగు క్రీడాకారిణి.

రెండో భాగంలో ఆటగాళ్ళ సామాను, పోటీల వీడియోలు. అభిమానులకి పండగ, నేను త్వరగా దాటేశాను. మన వాళ్ళకి ఆసక్తి కలిగించే మాట ఒకటి: బీజింగ్ 2008లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా తన రైఫిల్‌ని, టోక్యోలో 87.58 మీటర్లు విసిరిన నీరజ్ చోప్రా 2022లో తన ఈటెని ఈ మ్యూజియానికి ఇచ్చారు. ఇక్కడి సేకరణలో ఉండే వస్తువులన్నీ ఒకేసారి ప్రదర్శనలో పెట్టరు, కాబట్టి పిల్లలకి ముందే ఆశ పెట్టకుండా లోపల సిబ్బందిని అడగండి.

మూడో భాగం పిల్లలది. ఆటగాళ్ళు ఎలా తయారవుతారు, ఏం తింటారు, ఎలా నిద్రపోతారు, ఓడినప్పుడు ఏం చేస్తారు అన్నవి ఇక్కడ ఉంటాయి. సంతులనం, చురుకుదనం, ఏకాగ్రత పరీక్షించుకునే ఆటలున్నాయి. మా వాడు ఒంటికాలి మీద నిలబడటంలో అక్కని ఓడించి, ఏకాగ్రతలో అక్క చేతిలో ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయానని ఆలోచించుకుంటూ ఒక మూల కూర్చున్నాడు కూడా. తొమ్మిదేళ్ళ పిల్లాడు తన ఓటమి గురించి తనే ఆలోచించుకునేలా చేసిన చోటుని నేను గౌరవిస్తాను. పిల్లలు అలిసిపోయేలా ఉంటే రెండో భాగం వదిలి ముందు ఇక్కడికే తీసుకురండి.

పతకాలు ఈ భాగంలోనే. "మన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా అమ్మమ్మా?" అని మనవరాలు అడిగింది. పీవీ సింధు దానికి తెలుసు. కరణం మల్లీశ్వరి తెలియదు. అక్కడే నిలబెట్టి చెప్పాను. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది సిడ్నీ 2000లో. ఆ మొదటిసారే 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి రెండు పద్ధతుల్లో 110, 130, కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ సెప్టెంబరు నాకు బాగా గుర్తు. అప్పటిదాకా బరువులెత్తితే ఆడపిల్ల మొరటుగా అయిపోతుందన్న తల్లులు, ఆ వారంలో బడికొచ్చి, మా పిల్లకి కూడా నేర్పుతారా టీచరుగారూ అని అడిగారు. నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా కదలని మనసులు అవి.

పిల్లల్ని ఇలా మూడు దిక్కులా పెంచడం సాధ్యమేనా అని సందేహించేవాళ్ళకి యూత్ ఒలింపిక్స్ ఉన్నాయి. 15 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 2010లో సింగపూర్‌లో మొదలయ్యాయి. పోటీలతో పాటు విద్యా, సాంస్కృతిక కార్యక్రమాలు కూడా వాటిలో భాగం. ఈ లోజాన్ నగరమే 2020లో శీతాకాల యూత్ ఒలింపిక్స్ జరిపింది. 2018 బ్యూనస్ ఐరిస్‌లో మిజోరాం కుర్రాడు జెరెమీ లాల్‌రిన్‌నుంగా వెయిట్‌లిఫ్టింగ్‌లో 15 ఏళ్ళకే మొత్తం 274 కిలోలు ఎత్తి ఆ క్రీడల్లో మన దేశానికి మొదటి స్వర్ణం తెచ్చాడు. అక్కడే పిస్టల్‌లో స్వర్ణం గెలిచిన మను భాకర్ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. ఈ మాట మా మనవరాలికి పతకాల దగ్గరే చెప్పాను, ఎందుకంటే పెద్ద ఒలింపిక్స్ దానికి చాలా దూరంగా కనబడతాయి, పదిహేనేళ్ళు మాత్రం మూడేళ్ళలో వచ్చేస్తాయి.

భాష గురించి భయపడకండి. రాతలు ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో ఉంటాయి. నాలాగా ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్ళకి బొమ్మలు చాలా వరకు సాయపడతాయి. జపనీస్ చదవలేని అతిథుల కోసం 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కో ఆటకి ఒక్కో గుర్తు బొమ్మ తయారు చేశారు. వాటి వారసులే ఇవాళ విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో మనకి దారి చూపిస్తున్నాయని ఇక్కడ పిల్లలకి చూపించవచ్చు.

ఆరేళ్ళ లోపు పిల్లలకి లోపలి ప్రదర్శన ఎక్కువైపోతుంది, వాళ్ళతో తోట చాలు. టీచర్లు ఎవరైనా వెళ్తుంటే పక్కనే ఉన్న ఒలింపిక్ స్టడీస్ సెంటరు సంగతి గుర్తుపెట్టుకోండి, అది గ్రంథాలయం. మ్యూజియం టీచర్ల కోసం తయారు చేసిన పాఠాల సామగ్రి కూడా ఉంది, ముందే తెప్పించుకుని చదివితే పిల్లలకి ఏం చెప్పాలో తడుముకోనక్కర్లేదు. పొద్దున్నే వెళ్ళి తోట, తర్వాత మొదటి భాగం, పైనున్న కాఫీ హోటల్లో సరస్సు చూస్తూ కాసేపు కూర్చోవడం, ఆ తర్వాత మూడో భాగం, ఓపికుంటే రెండోది. పిల్లలకి కాన్వాస్ బూట్లు వేయండి, ఆ కర్ర చూశాక వాళ్ళు దూకకుండా ఉండరు. సోమవారం మాత్రం పెట్టుకోకండి, సాధారణంగా ఆ రోజు సెలవు.